ఎయిర్ పిస్టల్ గ్రూప్ (షాట్లు పడే గుంపు) చెదురుతోందా? క్లిక్కులు తిప్పేముందు ఇవి చూడండి

"మాస్టారూ, నిన్నటిదాకా బాగానే పడ్డాయి, ఇవాళ ఏటయిందో తెలీట్లేదు."

విజయనగరంలో నా దగ్గరికి పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పట్టుకొచ్చే పిల్లల్లో సగం మంది ఇదే మాటతో మొదలుపెడతారు. ఆ మాట పూర్తయ్యేలోపే రేర్ సైట్ (కంటి వైపు ఉండే గురి పలక) మీద చెయ్యి వేసి, దాన్ని జరిపే మరని రెండు క్లిక్కులు తిప్పేస్తారు. సాయంత్రానికి ఆ పిస్టల్ మొదట ఎక్కడ జీరో చేసి (గురి సరిచేసి) ఉందో ఎవరికీ గుర్తుండదు. దయచేసి క్లిక్కులు ముట్టుకోకండి. నిలబడే తీరు, ఊపిరి, ట్రిగ్గర్ మీకు వచ్చనే అనుకుని ఇది రాస్తున్నాను.

ముందు ఇసుక సంచి

తప్పు మనిషిదా, పిస్టల్‌దా? ఇది తేలకుండా మిగతావన్నీ వృథా. పాత ప్యాంటు కాలు కోసి, ఇసుక నింపి, రెండు చివర్లూ కుట్టండి. బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చోండి. గ్రిప్ అడుగుభాగం, మణికట్టు సంచి మీద ఆనాలి. సిలిండర్ (గాలి నింపే గొట్టం), బ్యారెల్ (గుండు వెళ్లే గొట్టం) దేన్నీ తాకకూడదు. పది షాట్లు కొట్టండి. పదో రింగ్ వెడల్పు 11.5 మి.మీ. మంచి మ్యాచ్ పిస్టల్ అయితే పదీ అందులోనే పడాలి. పడ్డాయా, లోపం చేతిలో ఉంది, వెళ్లి డ్రై ఫైర్ (గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) చేసుకోండి. సంచి మీద కూడా చెదిరితే కిందవి చదవండి.

పది నిమిషాల పని ఇది. ఇది చేయకుండా నెలల తరబడి పిల్లలని తిడుతున్న కోచ్‌లని చూశాను.

గ్రూప్ బాగానే ఉంది, కానీ మొత్తం ఒక పక్కకి జరిగింది

స్క్రూలు. నూటికి తొంభైసార్లు స్క్రూలే, అయినా ఎవరూ చూడరు. రేర్ సైట్‌కీ ఫ్రంట్ సైట్‌కీ మధ్య దూరం సుమారు 33 సెం.మీ. లెక్క వేస్తే రేర్ సైట్ 0.1 మి.మీ. కదిలితే పది మీటర్ల దగ్గర 3 మి.మీ. తేడా వస్తుంది. రింగ్‌కీ రింగ్‌కీ మధ్య 8 మి.మీ. మాత్రమే. అంటే కంటికి కనిపించని వదులు ఒక పాయింట్‌ని పట్టుకుపోతుంది. బొబ్బిలి నుంచో పలాస నుంచో పిస్టల్ పెట్టె బండి ముందు పెట్టుకుని గతుకుల్లో వస్తే ఆ వదులు రాకుండా ఎలా ఉంటుంది? ఎలెన్ కీ తీసుకుని ఫ్రంట్ సైట్, రేర్ సైట్, గ్రిప్, పామ్ షెల్ఫ్ (అరచేయి కింద ఆనే పలక) అన్నీ వరసగా చూడండి. గ్రిప్ చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. కాబట్టి దాని స్క్రూ ఏడాదికి రెండుసార్లయినా సరిచేయాలి. బలమంతా పెట్టి బిగిస్తే చెక్క చీలుతుంది, ఆనేదాకా చాలు.

షాట్లు క్రమంగా కిందకి జారుతున్నాయి

ప్రెజర్ గేజ్ చూడండి. సిలిండర్‌లో గాలి రెగ్యులేటర్‌కి (ప్రెజర్ తగ్గించి వదిలే భాగానికి) కావలసినంత లేకపోతే గుండు వేగం పడిపోతుంది. చాలా పిస్టళ్లలో ఆ కనీస ప్రెజర్ 70 బార్ (ఒత్తిడి కొలత) అటూ ఇటూ, మీ పిస్టల్ మాన్యువల్‌లో రాసే ఉంటుంది. ఇంకో మాట: రాత్రి 200 బార్ నింపాను, పొద్దున్నకి 185 ఉంది, లీకేజీ అని ఫోన్లు వస్తాయి. గబగబా నింపితే సిలిండర్ వేడెక్కుతుంది, చల్లారాక ముల్లు దిగుతుంది. లీకేజీ కాదది. మర్నాడు కూడా దిగితే అప్పుడు సబ్బు నురగ రాసి చూడండి.

విరామం తర్వాత మొదటి షాట్ పైకి పోతోంది

దీని దగ్గర నేను ఘోరంగా దెబ్బతిన్నాను, అందుకే వివరంగా రాస్తున్నాను.

శ్రీకాకుళం నుంచి ఒక అమ్మాయి వచ్చేది. పదహారేళ్లు, రాయిలా నిలబడేది. మ్యాచ్‌లో 60 షాట్లకి 75 నిమిషాలు, ప్రతి సిరీస్ (పది షాట్లు) తర్వాత కుర్చీలో కూర్చుని నీళ్లు తాగి లేచేది. లేచాక మొదటి షాట్ పన్నెండు గంటల వైపు, అంటే నిట్టనిలువు పైకి, తొమ్మిదో రింగ్‌లో. తర్వాతవన్నీ మామూలే. వాళ్ల నాన్న "టెన్షన్ పడిపోతోందండీ మాస్టారూ" అన్నారు. నేనూ అదే నమ్మాను. రెండు నెలలు ఊపిరి మార్పించాను, గురి పట్టే సమయం తగ్గించాను, కుర్చీలో కూర్చోవద్దన్నాను. ఆ అమ్మాయి ఒకరోజు "మాస్టారూ, మొదటి షాట్ సౌండ్ వేరేగా వస్తాది" అంది. నేను పట్టించుకోలేదు. సెలక్షన్ మ్యాచ్‌లో ఆరు సిరీసుల్లో ఐదుసార్లు మొదటి షాట్ తొమ్మిదే. మళ్లీ పన్నెండు గంటల వైపే. ఇంటికెళ్తూ ఆ పిల్ల ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

తర్వాత అడిగి తెచ్చుకున్న క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే యంత్రం) ముందు పెట్టి కొట్టించాను. వెంటవెంటనే కొడితే సెకనుకి 150 మీటర్ల దగ్గర నిలకడగా ఉంది. పది నిమిషాలు ఆగి కొడితే 172. వేగం అంత పెరిగితే గుండు పది మీటర్లలో పడిపోవాల్సిన 22 మి.మీ.లో సుమారు 5 మి.మీ. తక్కువ పడుతుంది. నడిమికి కాస్త పైన వెళ్లాల్సిన గుండు పదో రింగ్ దాటడానికి అది చాలు. ఆ అమ్మాయి చెవి సరిగ్గానే విన్నది, నేనే వినలేదు.

ఇది జరిగే తీరు ఇది. సిలిండర్‌లో గాలి 200 బార్‌లో ఉన్నా, రెగ్యులేటర్ దాన్ని తగ్గించి ఒక చిన్న అరలోకి వదులుతుంది. షాట్‌కి ఖర్చయ్యేది ఆ అరలోని గాలే. రెగ్యులేటర్ మూసుకునే చోట నలుసంత మురికో, తుప్పో, చిన్న గీతో పడితే పూర్తిగా మూసుకోదు. కుళాయి సరిగ్గా బిగియక చుక్క చుక్క పడి తెల్లారేసరికి బకెట్ నిండినట్టు, ఆ అరలో ప్రెజర్ పెరుగుతూ పోతుంది. వెంటవెంట కొడితే పెరగడానికి టైమే ఉండదు కాబట్టి మ్యాచ్‌లోని మిగతా షాట్లలో లోపం దొరకదు. మనిషి ఆగినప్పుడే బయటపడుతుంది. మనిషి ఆగినప్పుడు వచ్చిన తప్పుని అందరం మనిషి మీదే వేస్తాం.

మరి ఆ మురికి ఎక్కడిది? మన దగ్గర చాలామంది హ్యాండ్ పంపుతో నింపుతారు. శ్రావణ మాసంలో మన తీరం గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, ఆరేసిన బట్ట సాయంత్రానికీ ఆరదు. 30 డిగ్రీల్లో 80 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకి దాదాపు 24 గ్రాముల నీరు ఉంటుంది. 100 మి.లీ. సిలిండర్‌ని 200 బార్‌కి నింపాలంటే 20 లీటర్ల గాలి కావాలి, అంటే దాదాపు అర గ్రాము నీరు. అందులో ఎక్కువ పంపులోనే ఆగుతుంది, కొంత లోపలికి పోతుంది. వారానికి మూడుసార్లు, ఏడాదిపాటు. ఆ అమ్మాయి సిలిండర్‌లో గాలి మొత్తం వదిలేసి, మూతి కిందకి పెట్టి తెల్ల కాగితం మీద తట్టాను. రెండు చుక్కలు పడ్డాయి. ఆరాక కాగితం మీద పాచిరంగు మరక మిగిలింది.

పరీక్ష: సంచి మీద పెట్టి నిమిషానికొకటి చొప్పున ఐదు షాట్లు. పది నిమిషాలు ఆగి ఒకటి. ఇలా నాలుగు విడతలు. ఆగి కొట్టినవి విడిగా పైన పడితే రెగ్యులేటరే. క్రోనోగ్రాఫ్ ఉంటే మరీ మంచిది.

పరిష్కారం: రెగ్యులేటర్‌ని ఇంట్లో విప్పకండి. ప్రెజర్ ఉండగా ఏ స్క్రూ వదులు చేసినా ప్రాణం మీదకి వస్తుంది. గాలి వదిలే సాధనంతో సిలిండర్ ఖాళీ చేసి, సర్వీసు తెలిసినవాళ్లకి పంపండి. సీటు (రెగ్యులేటర్ మూసుకునే చోటు), ఓ-రింగులు (గాలి పోకుండా ఆపే రబ్బరు రింగులు) మారుస్తారు. ఓ-రింగులకి సిలికాన్ గ్రీజు తప్ప మామూలు నూనె వద్దు, అంత ప్రెజర్‌లో నూనెకి నిప్పంటుకోవచ్చు. పిస్టల్ తిరిగొచ్చాక పై పరీక్ష మళ్లీ చేయండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే పంపుకి తేమ పట్టే ఫిల్టర్ పెట్టండి, అందులో తేమ పీల్చే గింజల రంగు మారగానే వాటిని మార్చండి. 50 స్ట్రోకులకోసారి ఆగి, పంపు చల్లారనిచ్చి, నీళ్లు వదలండి. నేనైతే ఇప్పుడు పెద్ద స్కూబా ట్యాంకు విశాఖలో డైవింగ్ వాళ్ల దగ్గర నింపించుకుంటున్నాను. వాళ్ల కంప్రెసర్ గాలిని ఆరబెట్టి ఇస్తుంది. ఆక్సిజన్ సిలిండర్ నుంచి మాత్రం ఎవరు చెప్పినా నింపకండి, పేలుతుంది.

ఎటు పడితే అటు చెదురుతున్నాయి

పెల్లెట్లు, అంటే సీసం గుండ్లు. డబ్బా తెరిచి నెలలు వదిలేస్తే సీసం మీద తెల్ల పొడి పడుతుంది, అంచులు సొట్టబోతాయి. ఆ డబ్బా పక్కన పెట్టండి. తల సైజు 4.48 నుంచి 4.51 మి.మీ. దాకా రకరకాలు దొరుకుతాయి, సంచి మీద కొట్టి మీ బ్యారెల్‌కి నప్పేది ఎంచుకోండి. కొత్త డబ్బా కూడా చెదిరితే బ్యారెల్ శుభ్రం చేయడానికి ఫెల్ట్ పెల్లెట్లు (మెత్తటి ఉన్ని గుండ్లు) నాలుగు పంపండి. పెల్లెట్లు నోట్లో పెట్టుకునే పిల్లలున్నారు. అది సీసం, విషం. ప్రాక్టీస్ అయ్యాక సబ్బుతో చేతులు కడగనిదే ఏమీ తిననివ్వకండి.

మిగతావి

బ్యారెల్ వంగడం, మూతి దెబ్బతినడం: పిస్టల్ కింద పడితే తప్ప ఉండవు. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అయితే బ్యాటరీ మార్చి చూడండి. మ్యాచ్ మధ్యలో పిస్టల్ మొరాయించడం అరుదే కానీ, 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్‌కి అది జరిగింది, 575తో 12వ స్థానంలో ఆగిపోయింది. అదే అమ్మాయి 2024లో పారిస్‌లో ఇదే ఈవెంట్‌లో కాంస్యం తెచ్చింది.

సిలిండర్ మీద తయారీ తేదీ కొట్టి ఉంటుంది. తయారీదారు చెప్పిన గడువు (మామూలుగా పదేళ్లు) దాటితే మ్యాచ్‌లో ఒప్పుకోకపోవచ్చు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు పిస్టల్ కంటే ముందు ఆ తేదీ చదవండి.