పై 5 కెమెరా ‘బ్రోకెన్ పైప్’ అంటే ఏం చేయాలి?

రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో కెమెరా స్ట్రీమ్ మొదలెట్టగానే లినక్స్ ‘బ్రోకెన్ పైప్’ అనే ఎర్రర్ ఇస్తే ఇలా చేయండి.

కావలసినవి: రాస్ప్‌బెర్రీ పై 5, ఐఎంఎక్స్219 సెన్సర్ ఉన్న 8 మెగాపిక్సెల్ కెమెరా, 15 నుంచి 22 పిన్నులకు మారే కేబుల్, కెమెరా కమాండ్లుండే వీ4ఎల్-యుటిల్స్ ప్యాకేజీ. పవర్ తీసేసి కేబుల్ పెట్టండి.

ఆ ప్యాకేజీలోని మీడియా-సీటీఎల్ కమాండ్‌తో కెమెరా భాగాల జాబితా తీయండి. అందులో ఆర్‌పీ1-సీఎఫ్‌ఈ (పై 5లో కెమెరా డేటా అందుకునే భాగం) పేరున్న మీడియా నోడే మీది. నోడ్ నంబరును నమ్ముకోవద్దు, బూట్ చేసినప్పుడు మారొచ్చు.

2011లో 2.6.39 కెర్నెల్ (లినక్స్ మూల భాగం) నుంచి లినక్స్ ఇలాంటి హార్డ్‌వేర్‌ను ఒకే డివైజ్‌గా కాక ముక్కలుగా చూపిస్తోంది. ఇక్కడ సెన్సర్, దాని డేటా అందుకునే సీఎస్ఐ2 రిసీవర్, మెమరీలోకి రాసే వీడియో నోడ్ వేర్వేరు. వాటిని కలిపేవి లింకులు, లింకు తగిలే చోటు ప్యాడ్. సీఎస్ఐ2 ప్యాడ్ 4 నుంచి ఛానెల్ 0 నోడ్‌కు లింకు ఆన్ చేయండి.

అసలు చిక్కు ఇక్కడే. లింకుకు రెండు వైపులా ఉన్న ప్యాడ్లలో వెడల్పు, ఎత్తు, రంగుల వరుస అన్నీ ఒకటే ఉండాలి. సెన్సర్ 640×480, రిసీవర్ 1920×1080 అయితే సెట్ చేసేటప్పుడు ఎవరూ అడ్డు చెప్పరు. స్ట్రీమ్ మొదలెట్టగానే కెర్నెల్ సరిచూసి ‘బ్రోకెన్ పైప్’ అంటుంది. ఇది సెట్టింగుల తేడా, దానికి కేబుల్ పీకి పెట్టడం, కొత్త కెమెరా కొనడం దేనికి? సెన్సర్ పలకకపోతే సాధారణంగా దాని పేరే జాబితాలో ఉండదు.

కాబట్టి ఎప్పుడూ సెన్సర్ నుంచే మొదలుపెట్టండి. బొమ్మ తిప్పాలంటే ముందే తిప్పండి. ఫ్లిప్ చేస్తే బేయర్ వరుస (సెన్సర్ మీద ఎరుపు ఆర్, ఆకుపచ్చ జీ, నీలం బీ పిక్సెళ్ళుండే క్రమం) మారుతుంది: రెండు వైపులా తిప్పితే ఆర్‌జీజీబీ కాస్తా బీజీజీఆర్ అవుతుంది. తర్వాత సెన్సర్ ప్యాడ్ 0, సీఎస్ఐ2 ప్యాడ్ 0, ప్యాడ్ 4, ఈ వరుసలో 10 బిట్ల ఫార్మాట్ పెట్టండి. సెన్సర్‌కు పెట్టింది అవతలి ప్యాడ్‌కు మీడియా-సీటీఎల్ తానే కాపీ చేస్తుంది. అయినా మీ చేత్తో పెట్టండి, కెర్నెల్ మాత్రం లింకు దాటించి ఏమీ మోయదు.

ప్రతి కమాండ్ తర్వాత జాబితా మళ్ళీ చదవండి. మీరడిగిన కొలత సెన్సర్‌కు లేకపోతే డ్రైవర్ చప్పుడు చేయకుండా దగ్గరిది ఇచ్చేస్తుంది. ఎర్రర్ రాలేదు కదా అని ముందుకెళ్తే దొరికిపోతారు.

చివర్లో వీ4ఎల్2-సీటీఎల్ కమాండ్‌తో వీడియో నోడ్‌కు అదే కొలత, దానికి సరిపడే పిక్సెల్ ఫార్మాట్ ఇచ్చి ఫ్రేములు తీయండి.

ఆర్‌పీఐక్యామ్-హలో అనే రెడీమేడ్ కెమెరా ప్రోగ్రాం ఇవన్నీ తానే చేసేస్తుంది, నిజమే. కానీ కొత్త సెన్సర్‌కు డ్రైవర్ రాసేవాళ్ళకు తప్పు ఏ ప్యాడ్ దగ్గరుందో చూపించేది ఈ పద్ధతే. రీబూట్ చేస్తే ఇదంతా పోతుంది, స్క్రిప్ట్‌లో రాసి పెట్టుకోండి.