ఉదయం మూత్రం డికాక్షన్ రంగులో వస్తుంటే: పి.ఎన్.హెచ్. గురించి తెలుసుకోవలసినవి

కళ్ళు పచ్చబడి మూత్రం ముదురు రంగులో వస్తే, మన గుంటూరు, విజయవాడ వైపు పచ్చకామెర్లేనని తేల్చేసి పసరు మందు పోయించడం పరిపాటి. మా పిన్నిగారికి అలాగే అయిదు నెలలు వృథా అయ్యాయి. కాలేయం బాగున్నా ఈ రెండు లక్షణాలూ కనిపించే అరుదైన రక్తవ్యాధి ఒకటుంది. అదే పారాక్సిస్మల్ నాక్టర్నల్ హీమోగ్లోబిన్యూరియా, క్లుప్తంగా పి.ఎన్.హెచ్.

ఇది వంశపారంపర్యంగా వచ్చేది కాదు, అంటువ్యాధీ కాదు. ఎముక మూలుగలోని ఒక మూలకణంలో పి.ఐ.జి.ఏ. అనే జన్యువు, మనిషి పుట్టిన తరువాత ఎప్పుడో దెబ్బతింటే, దాని సంతతి ఎర్రకణాల పైపొర మీద సీడీ55, సీడీ59 అనే రక్షక ప్రోటీన్లు నిలవవు. క్రిములను చంపడానికి రక్తంలో ఉండే కాంప్లిమెంట్ వ్యవస్థ ఆ కవచం లేని కణాల మీద పడటంతో, సుమారు 120 రోజులు బతకవలసినవి ముందే పగిలిపోయి, వాటిలోని హీమోగ్లోబిన్ మూత్రంలోకి దిగుతుంది. పేరులో రాత్రి ఉన్నా కణాలు పగలూ పగులుతూనే ఉంటాయి. రాత్రంతా మూత్రం చిక్కబడటం వల్ల రంగు తెల్లవారేసరికి బయటపడుతుంది. ఈ రంగు అందరిలోనూ కనిపించదు, రోజూ కనిపించదు.

అందువల్ల ఉదయం, సాయంత్రం మూత్రాన్ని రెండు గాజు సీసాల్లో పట్టి, పక్కపక్కన పెట్టి వెలుతురులో చూడండి. పిన్నిగారి ఉదయపు సీసా డికాక్షన్‌లా, సాయంత్రపుది లేత టీ నీళ్ళలా ఉండేది. తరువాత రిపోర్టు చూడండి: పరీక్షపట్టీ మీద రక్తం ఉన్నట్టు వచ్చి, మైక్రోస్కోపు కింద ఎర్రకణాలు లేవంటే, అది విడి హీమోగ్లోబిన్ కావచ్చు. దానికి తోడు ఎల్.డి.హెచ్. (కణాలు పగిలితే రక్తంలో పెరిగే ఎంజైము) బాగా పెరిగి, హాప్టోగ్లోబిన్ (విడి హీమోగ్లోబిన్‌ను పట్టుకునే ప్రోటీన్) తగ్గి, కూంబ్స్ పరీక్ష (ఎర్రకణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయా అని చూసేది) నెగటివ్‌గా ఉంటే, ఫ్లో సైటోమెట్రీ (కణాల మీద ఆ రక్షక ప్రోటీన్లు ఉన్నాయో లేదో చూసే పరీక్ష) అవసరమా అని హెమటాలజిస్టును, అంటే రక్తవ్యాధుల డాక్టరును, తప్పక అడగండి. ఆ పరీక్షలో చేతి నరం నుంచి తీసిన రక్తంతోనే వ్యాధి నిర్ధారణ అవుతుంది.

రక్తహీనత కన్నా నాకు ఎక్కువ భయం కలిగించేది సిరల్లో గడ్డకట్టే రక్తం. కాలేయపు సిరల్లోనూ, మెదడులోనూ గడ్డలు ఏర్పడవచ్చు గనుక, తీవ్రమైన కడుపునొప్పి, పొట్ట ఉబ్బడం, ఎన్నడూ లేని తలనొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగకండి.

కాంప్లిమెంటును అడ్డుకునే ఎక్యులిజుమాబ్ అనే మందుకు 2007లో అమెరికా అనుమతి లభించింది. జబ్బును పూర్తిగా నయం చేయగలిగేది మూలుగ మార్పిడి ఒక్కటే, అయితే దానిలోని ప్రమాదం వల్ల అందరికీ సూచించరు. ఎక్యులిజుమాబ్ వాడేవారు వీలైతే కనీసం రెండు వారాల ముందే మెనింగోకాకల్ టీకాలు (మెదడు పొరల వాపు తెచ్చే ఒక బాక్టీరియా నుంచి కాపాడేవి) వేయించుకోవాలి. వేయించుకున్నా సరే, జ్వరం వస్తే ఇంట్లో మాత్రతో సరిపెట్టుకోకుండా, ఏ మందు వాడుతున్నారో రాసిన చీటీతో వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.