ఫినైలెఫ్రిన్‌తో మోతాదు గ్రాఫ్ - 3వ పాఠం: బాత్‌లో ఎంత కలపాలి?

పోయిన పాఠంలో రక్తనాళాన్ని బిగించే మందు ఫినైలెఫ్రిన్ హైడ్రోక్లోరైడ్ తూచి 10 మిల్లీమోలార్ స్టాక్ (తర్వాత పలచన చేసి వాడుకునే చిక్కటి ద్రావణం) చేసుకున్నాం. 10 మిల్లీలీటర్లకు 20.37 మిల్లీగ్రాములు. ముందుకు వెళ్లే ముందు సీసా లేబుల్ ఇంకోసారి చూడండి. హైడ్రోక్లోరైడ్ అణుభారం 203.67. హైడ్రోక్లోరైడ్ కలవని ఉత్త ఫినైలెఫ్రిన్‌ది 167.2. చేతిలో ఉన్నది హైడ్రోక్లోరైడ్ అయ్యుండి లెక్క 167తో వేస్తే పప్పులో కాలేసినట్టే. స్టాక్ 18 శాతం పలచగా తయారవుతుంది. గ్రాఫ్ మాత్రం చక్కగానే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పుడు అసలు పని. ఎలుక బృహద్ధమని నుంచి కోసిన రింగ్ 20 మిల్లీలీటర్ల ఆర్గాన్ బాత్‌లో (కణజాలాన్ని బతికించి ఉంచి దాని బిగువు కొలిచే పాత్ర) వేలాడుతోంది. చుట్టూ 37 డిగ్రీల క్రెబ్స్ ద్రావణం (కణజాలానికి సరిపడే లవణాల నీరు), అందులోంచి 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ బుడగలు. ఫినైలెఫ్రిన్ ఆల్ఫా-1 రిసెప్టర్ల (కణాల మీద మందు అతుక్కునే చోట్లు) మీద పనిచేసి రింగ్‌ని బిగిస్తుంది. 1 నానోమోలార్ నుంచి 30 మైక్రోమోలార్ దాకా, మధ్యలో కడగకుండా, ఉన్నదాని మీదే కలుపుకుంటూ పోతాం.

ముందు ట్యూబులు. స్టాక్‌లోంచి 100 మైక్రోలీటర్లు తీసి 900 మైక్రోలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపితే 1 మిల్లీమోలార్. అందులోంచి 100 తీసి మళ్లీ 900లో. ఇలా 1 మైక్రోమోలార్ దాకా దిగండి. స్టాక్‌తో కలిపి ఐదు ట్యూబులు. ప్రతిసారీ టిప్ మార్చాలి, బాగా కలిపాకే తర్వాతి ట్యూబుకు వెళ్లాలి. పై ట్యూబులో జరిగిన పొరపాటు కింది వాటన్నిటికీ అంటుకుంటుంది.

మెట్లు 1, 3, 10, 30 అని ఎందుకు? 3 లాగరిథమ్ 0.48, అంటే లాగ్ స్కేల్ మీద చుక్కలు దాదాపు సమాన దూరంలో పడతాయి. పదేసి రెట్లు పెంచితే పని త్వరగా అవుతుంది కానీ నాకది నచ్చదు. మామూలు గ్రాఫ్ గరిష్ఠ స్పందనలో 10 శాతం నుంచి 90 శాతానికి ఎక్కడానికి 81 రెట్ల గాఢత చాలు. పదిరెట్ల మెట్లు వేస్తే ఆ ఎక్కుడులో మహా అయితే రెండు చుక్కలు పడతాయి. రెండు చుక్కల మధ్య గీత ఎలాగైనా గీయొచ్చు.

చాలామంది తడబడేది ఇక్కడే: బాత్‌లో అప్పటికే ఉన్న మందుని మర్చిపోతారు. 1 నుంచి 3 నానోమోలార్‌కి పోవాలంటే కొత్తగా వేయాల్సింది 3 కాదు, 2. లెక్క చూడండి. 20 మిల్లీలీటర్లలో 1 నానోమోలార్ అంటే 20 పికోమోల్స్. 1 మైక్రోమోలార్ ట్యూబులో మైక్రోలీటరుకు 1 పికోమోల్ ఉంటుంది, కాబట్టి 20 మైక్రోలీటర్లు వేస్తాం. 3కి చేరడానికి అదే ట్యూబులోంచి ఇంకో 40. అక్కడి నుంచి 10కి పోవాలంటే 7 నానోమోలార్ తక్కువ, అంటే 140 పికోమోల్స్. ఇప్పుడు 10 మైక్రోమోలార్ ట్యూబుకు మారితే 14 మైక్రోలీటర్లు. ఆ తర్వాత అదే ట్యూబులోంచి 40, పై ట్యూబులోంచి 14, మళ్లీ 40... చివరిదాకా ఇదే వరస. మొత్తం కలిపింది 276 మైక్రోలీటర్లు, బాత్‌లో 1.4 శాతం. దాని వల్ల వచ్చే పలచదనాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఈ పట్టికని ముందే కాగితం మీద రాసి బాత్ పక్కన అంటించండి. రింగ్ బిగుస్తుంటే టెన్షన్‌లో మనసులో లెక్కలు వేయడం ఎవరి వల్లా కాదు. వేసిన ప్రతి మోతాదుకూ అప్పుడే టిక్ పెట్టండి.

ఒక మోతాదు వేశాక రింగ్ బిగువు చూపే గీత ఎక్కి నిలకడగా నిలబడే దాకా ఆగాలి. ఇంకా ఎక్కుతుండగానే తర్వాతిది వేస్తే ఆ చుక్క విలువ తక్కువగా నమోదవుతుంది. అలాగని ఊరికే సాగదీయకండి, ఎక్కువసేపైతే కణజాలం స్పందన తగ్గిపోవచ్చు. ఒక విషయంలో మాత్రం ఫినైలెఫ్రిన్ మనకి మేలు చేస్తుంది: ఇది కాటెకాల్ (ఆక్సిజన్‌తో తేలిగ్గా పాడయ్యే రకం రసాయనం) కాదు. అడ్రినలిన్, ఐసోప్రినలిన్ ఆక్సిజన్ తగిలితే పాడై గులాబీ రంగుకు తిరుగుతాయి, వాటికి ఆస్కార్బిక్ ఆమ్లం తోడుండాలి. దీనికి ఆ బాధ తక్కువ. అయినా ట్యూబుల్ని వెలుతురుకి దూరంగా ఐస్‌లో ఉంచండి.

అభ్యాసం: మీ బాత్ 25 మిల్లీలీటర్లదైతే మొదటి మూడు మోతాదులు ఎంతెంత? 25, 50, 17.5 మైక్రోలీటర్లు రావాలి. 17.5 తీయడానికి 20 మైక్రోలీటర్ల పిపెట్ వాడండి, 200ది వద్దు.