టెలిస్కోపులో కుజుడి ఉపరితలం: 2027 ఫిబ్రవరికి సన్నాహం

కుజుడు బాగా దగ్గరికొచ్చేది దాదాపు 26 నెలలకోసారి, అదీ కొద్ది వారాలే. వచ్చే అవకాశం 2027 ఫిబ్రవరి 19 చుట్టుపక్కల. బింబం 13.8 ఆర్క్ సెకన్లే (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). 2018లో 24 దాటింది. అయినా ఈసారి తెలుగువాళ్లకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. సింహరాశిలో మఖ నక్షత్రానికి కాస్త ఉత్తరాన ఉండే కుజుడు, హైదరాబాదు, విజయవాడల్లో అర్ధరాత్రి దాటాక దాదాపు నడినెత్తికి వస్తాడు. అక్కడ మన చూపు దాటాల్సిన గాలి తక్కువ, కాబట్టి బింబం వణుకూ తక్కువ. దగ్గర్లోనే ఇంకా ప్రకాశంగా, తెల్లగా ఉండేది గురుడు, పొరబడకండి.

6 అంగుళాల అద్దం, 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (నాభ్యంతరం) ఉన్న డాబ్సోనియన్, అంటే తిరిగే పీట మీద నిలిపే అద్దపు టెలిస్కోపు, సరిపోతుంది. 6 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెడితే 200 రెట్లు. అప్పుడు కుజుడు మామూలు కంటికి కనిపించే చందమామకు ఒకటిన్నర రెట్లుంటాడు. 3 మి.మీ. ఐపీస్‌తో 400 రెట్లకు లాగితే వివరాలు పెరగవు, మసకే పెరుగుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది చోటు దగ్గర. పగలంతా ఎండకు కాగిన డాబా రాత్రి బాగా పొద్దుపోయేదాకా వేడి వదులుతూనే ఉంటుంది. ఆ వేడిగాలిలోంచి చూస్తే బింబం ఉడుకుతున్నట్టు కదులుతుంది. మట్టి నేల, గడ్డి మేలు. డాబా తప్పకపోతే రాత్రి 11 తర్వాతే మొదలుపెట్టండి. టెలిస్కోపును గంట ముందే బయట పెట్టి అద్దాన్ని చల్లారనివ్వండి. ఆ తర్వాత కొలిమేషన్ (అద్దాలు ఒకదానికొకటి సరైన వరసలో ఉండటం) సరిచూడండి: ఒక నక్షత్రాన్ని ఎక్కువ రెట్లలో పెట్టి ఫోకస్ కొద్దిగా తప్పిస్తే వలయాలు ఏకకేంద్రంగా కనబడాలి. ఒక పక్కకి ఒరిగితే అద్దం మరలు సర్దాల్సిందే, లేకపోతే కుజుడి మీద ఏ మచ్చా తేలదు. ఇంకొక చిక్కు: సరిగ్గా నడినెత్తిన డాబ్సోనియన్‌ను తిప్పడం కష్టం. అందుకని ఆ స్థానానికి ఒక గంట ముందో, ఒక గంట తర్వాతో చూడండి.

లేత ఎరుపు 23ఎ ఫిల్టర్ నల్లటి ప్రాంతాలను తేల్చి చూపిస్తుంది. 25 నంబరు ముదురు ఎరుపు 6 అంగుళాలకు మరీ చీకటి. కుజుడి మీది మబ్బులకు నీలం 80ఎ. 2027 ఫిబ్రవరిలో కుజుడి ఉత్తరార్ధంలో వసంతం. ఉత్తర ధ్రువపు తెల్లటి మంచు టోపీ కుంచించుకుపోతూ ఉంటుంది. డాబ్సోనియన్‌లో బొమ్మ తలకిందులు, కాబట్టి అది కింది వైపున వెతకాలి. నల్లటి ప్రాంతాల్లో ముందు సిర్టిస్ మేజర్‌ను పట్టండి: 1659లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ గీసింది దీన్నే. ఒకప్పుడు సముద్రమనీ, తర్వాత చెట్టూచేమా అనీ అనుకున్నారు. అసలది ముదురు రంగు అగ్నిపర్వత శిల. గాలి దుమ్మును కప్పుతూ తీస్తూ ఉండటంతో దాని అంచులు మారుతుంటాయి.

చూసింది గీయండి. కాగితంపై 50 మి.మీ. వృత్తం ముందే వేసుకుని, ధ్రువపు టోపీ, పెద్ద మచ్చలు, ఆపై చిన్నవి అన్న వరుసలో 15 నిమిషాల్లో ముగించండి. ఆలస్యమైతే గ్రహం తిరిగిపోయి మచ్చల స్థానాలు తప్పుతాయి. గాలి నిలకడగా ఉన్న ఒకటి రెండు క్షణాల్లో తేలిందే గీయాలి. ఊహతో చుక్కల్ని కలపొద్దు. 1877లో ఇటలీ ఖగోళవేత్త స్కియాపరెల్లీ, తర్వాత అమెరికా ఖగోళవేత్త లోవెల్ గీసిన 'కాలువలు' కంటి భ్రమేనని, 1965లో నాసా వ్యోమనౌక మారినర్ 4 దగ్గరి నుంచి తీసిన ఫొటోల్లో అవి ఎక్కడా లేకపోవడంతో తేలిపోయింది. అందుకే కుజుడి పటం తెరవాల్సింది మీ బొమ్మ పూర్తయ్యాకే.

కుజుడి రోజు మనదానికంటే కాస్త పొడుగు. ఈరాత్రి 12కు మధ్యలో కనిపించిన మచ్చ రేపు సుమారు 37 నిమిషాలు ఆలస్యంగా అదే చోటికొస్తుంది. రోజూ ఒకే వేళకు చూస్తే గ్రహం చుట్టూ మొత్తం చూడటానికి దాదాపు 40 రాత్రులు పడుతుంది. సిర్టిస్ మేజర్ మొదటి రాత్రి దొరక్కపోతే అది అవతలి వైపున ఉందేమో. రెండు మూడు వారాలు ఆగి మళ్లీ చూడండి.