చేపలు దాక్కుంటున్నాయా? మొక్కలు పీకే ముందు పైనున్న లైటు చూడండి

సమస్య

దుంగ పెట్టారు, మొక్కలు నాటారు, అక్వేరియం ట్యాంకు అచ్చం ఏటి అంచులా తయారైంది. చేపలు మాత్రం కనిపించవు. వెనక మూలలో దగ్గరదగ్గరగా నక్కి ఉంటాయి, మనిషి అలికిడి అయితే చెల్లాచెదురవుతాయి. కొన్నప్పటి రంగు లేదు. మేత వేస్తే ఒక గింజ అందుకుని మళ్లీ లోపలికే పోతాయి.

అన్నిటికంటే ముందు నీళ్లు

నీళ్లను పరీక్షించే టెస్ట్ కిట్ తీయండి. దీన్ని దాటేసి మిగతావన్నీ మార్చి చూసేవాళ్లే ఎక్కువ. "నీళ్లు తేటగానే ఉన్నాయండీ" అంటారు. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమోనియా, నైట్రైట్ కంటికి కనబడవు, నీళ్లు అద్దంలా ఉన్నా చేపను చంపగలవు. రెండూ సున్నా చూపించాలి. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటుతుంటే నీళ్లు మార్చడం ఆలస్యమవుతోందని అర్థం. ట్యాంకు కొత్తదైతే, అమోనియా, నైట్రైట్‌లను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. పాత ట్యాంకులో అమోనియా కనబడితే, ఈమధ్య ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడిగారేమో గుర్తు తెచ్చుకోండి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియాను చంపుతుంది. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

సున్నా రాకపోతే పావు వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చండి, క్లోరిన్ పోగొట్టిన నీళ్లే పోయండి. మేత తగ్గించి రోజూ పరీక్షించండి. అంకె సున్నాకు వచ్చేదాకా కింద చెప్పేవాటి జోలికి పోవద్దు.

గుంపు, ప్రవాహం

టెట్రాలు, రాస్‌బోరాలు, కోరిడోరస్‌ల లాంటి చిన్న చేపలు గుంపులో ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి. ఒక్కో జాతికి కనీసం 6 ఉండాలి, ట్యాంకు పట్టేటట్టయితే 10 మేలు. ఐదు రకాలు రెండేసి వేస్తే ఏదీ కుదురుగా ఉండదు.

ఫిల్టర్ నుంచి వచ్చే నీటికి చేప ఆగకుండా ఎదురీదుతుంటే గొట్టాన్ని అద్దం వైపు తిప్పండి.

అసలు దొంగ: పైనుంచి పడే వెలుతురు

నన్ను ఎక్కువసార్లు తిప్పలు పెట్టింది ఇదే. ఎందుకంటే ఇక్కడ మిగతావన్నీ బాగానే కనిపిస్తాయి. టెస్ట్ కిట్‌లో తప్పు లేదు, మొక్కలు కళకళలాడుతుంటాయి, చేపల ఒంటి మీద జబ్బు లేదు. దాంతో "దాక్కునే చోట్లు ఎక్కువయ్యాయి" అనుకుని మొక్కలు పీకేస్తారు. చేపలు ఇంకా బెదురుతాయి. బాగా కనబడాలని ఇంకా పెద్ద లైటు తెస్తారు. ఇక ఆ చేపలు బయటికి రావు.

చేపకు కనురెప్పలు లేవు. చాలా జాతుల్లో వెలుతురు పెరిగితే మనకులాగా కంటిపాప చిన్నదవదు. కంటి లోపలి కణాలే మెల్లగా జరిగి సర్దుకోవాలి, అది క్షణాల్లో అయ్యే పని కాదు. చీకటి గదిలో టైమర్ లైటు ఒక్కసారిగా వెలిగితే చేపలు అద్దానికి కొట్టుకునేది అందుకే. పైగా కొంగ అయినా లకుముకి పిట్ట అయినా వాటికి వచ్చే ముప్పు పైనుంచే. నెత్తిన నీడ లేకపోతే అడుగున ఎన్ని చాటులున్నా ప్రయోజనం ఉండదు. నియాన్ టెట్రా సంగతే చూడండి. అమెజాన్ ఎగువ ప్రాంతాల్లో చెట్ల నీడన పారే వాగుల్లో పుట్టిన చేప అది.

అడుగున తెల్ల ఇసుక ఉంటే కింద నుంచి కూడా వెలుతురు కొడుతుంది. చేప తన చుట్టూ ఉన్న రంగుకు తగ్గట్టు ఒళ్లు మార్చుకుంటుంది. తెల్లటి నేల మీద చర్మంలోని నల్లటి వర్ణకం కణాల మధ్యలోకి ముడుచుకుని ఒళ్లు వెలిసిపోతుంది. అలాంటప్పుడు రంగు పెంచే మేత కొనడం దండగ. తెల్లవారి లైటు వేసిన కాసేపు నియాన్‌లు పాలిపోయి కనబడటం మాత్రం మామూలే, రాత్రి వాటి రంగు తగ్గుతుంది.

ఇదే కారణమా కాదా తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. ట్యాంకు మూత మీద సగం మేర అట్టముక్క పరవండి, లైటుకు తగలకుండా చూసుకోండి. ఒక రోజంతా అలాగే ఉంచి దూరంగా కూర్చుని గమనించండి. చేపలు మూల వదిలి నీడ అంచుకు వచ్చి నిలబడి, అప్పుడప్పుడూ వెలుగులోకి వెళ్లి తిరిగి వస్తుంటే దొంగ దొరికినట్టే.

పరిష్కారం

లైటు తగ్గించండి. తగ్గించే వీలు లేకపోతే ఎత్తు పెంచండి. రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. ట్యాంకు లైటుకు అరగంట ముందు గది లైటు వేయండి, ఆర్పేటప్పుడు ట్యాంకుది ముందు, గదిది తర్వాత.

నీటిపైన తేలే మొక్కలు వేయండి. సాల్వీనియా, అంతరతామర ఏదైనా సరే, హార్న్‌వర్ట్‌ను నాటకుండా వదిలేసినా సరే. పైభాగంలో మూడో వంతు నుంచి సగం దాకా కప్పితే చాలు. మొత్తం మూసుకుపోతే కింది మొక్కలకు వెలుతురు అందదు, నీటికి గాలి తగలదు. ఫిల్టర్ ధారకు అవి కొట్టుకుపోయి మునుగుతుంటే, ఎయిర్ పంపు గొట్టం ముక్కను చుట్టలా కలిపి నీటి మీద వదలండి, మొక్కలను ఆ చుట్ట లోపల ఉంచండి.

వెనక అద్దానికి బయటి వైపు నల్ల కాగితం అంటించండి. తెల్ల ఇసుక మార్చే ఓపిక లేకపోతే ఎండిన బాదం ఆకులు పరవండి. నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి, దానివల్ల చేపలకు హాని లేదు. పొడుగు మొక్కలు వెనక, పక్కల ఉంచి, దుంగ కొమ్మ ఒకటి నీటిమట్టం దాకా వచ్చేలా వంచి పెట్టండి, ముందు మధ్యభాగం ఖాళీగా వదలండి. చాటు రెండు అంగల దూరంలో ఉందని తెలిస్తేనే చేప ఆ ఖాళీలోకి వస్తుంది.

ఇవన్నీ ఒకే రోజు చేయకండి. ట్యాంకులో చెయ్యి పెట్టి కదిలించడం కూడా వాటికి టెన్షనే. మార్పు నిలకడగా కనబడటానికి వారం, రెండు వారాలు ఆగండి.

అరుదైనవి

ఒక చేప మిగతావాటిని తరుముతుంటే మేత వేళ తెలిసిపోతుంది, దాన్ని వేరు చేయండి. ఒంటి మీద తెల్ల చుక్కలుంటే అది జబ్బు, దాని వైద్యం వేరు. పక్కన స్పీకరు ఉంటే జరపండి. కొత్త దుంగ మీద తెల్లటి జిగురు దానంతటదే పోతుంది.

కోరిడోరస్, గౌరామి అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి మింగడం వాటి సహజ గుణం. అన్ని చేపలూ తెల్లవారుజామున పైకి చేరి నోళ్లు తెరుస్తుంటే మాత్రం లైటు సంగతి పక్కనపెట్టి, వెంటనే నీటి పైభాగం కదిలేలా ఎయిర్ పంపు పెట్టండి, అమోనియా మళ్లీ పరీక్షించండి.