తిరుపతిలో మొదటి ఇల్లు కొనేవారికి హోమ్ లోన్ దరఖాస్తు విధానం

హోమ్ లోన్‌తో కొన్న ఇల్లు మన పేరునే రిజిస్టర్ అవుతుంది. అప్పు తీరేదాకా ఒరిజినల్ పత్రాలు మాత్రం బ్యాంకులో తనఖాగా ఉంటాయి. అందుకే బ్యాంకు మన జీతాన్ని ఎంత గట్టిగా చూస్తుందో, ఇంటి పత్రాలనూ అంతే గట్టిగా చూస్తుంది. కాబట్టి దరఖాస్తు కంటే ముందు, అసలు అడ్వాన్స్ కంటే కూడా ముందు, పత్రాల పని పెట్టుకోండి.

అమ్మేవారిని సేల్ డీడ్, పాత లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు ఆ ఆస్తి చేతులు మారిన పత్రాలు), ప్లాన్ అప్రూవల్, ఇంటి పన్ను రసీదు జిరాక్స్‌లు అడగండి. ఇవ్వడానికి నసిగితే అక్కడే ఆగిపోవడం మంచిది. ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) మాత్రం మీరే తీయించుకోండి. అందులో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, కోర్టు గొడవలన్నీ తేలవు. అందుకని వకీలుకు కూడా చూపించాలి. తర్వాత సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూడండి. తిరుపతి చుట్టుపక్కల ఈ ఒక్క పని వదలకండి. ఇక్కడ దేవస్థానం భూములు, హథీరాంజీ మఠం భూములు, డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకు కేటాయించిన భూములు) చాలా ఉన్నాయి. "చుట్టూ ఇళ్లు లేచాయి, కరెంటు మీటరు కూడా ఉంది" అని ఎవరైనా నచ్చజెప్పినా, కరెంటు మీటరు హక్కు పత్రం కాదు. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలోని లేఅవుట్ అయితే అప్రూవల్ నంబరు అడిగి, ఆఫీసులో సరిచూసుకోండి.

అగ్రిమెంట్‌లో ఒక్క వాక్యం తప్పకుండా రాయించండి: పత్రాల లోపం వల్ల లోన్ రాకపోతే అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలి.

ఇక చేతి డబ్బు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు లోన్ అయితే ఇంటి విలువలో గరిష్ఠంగా 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం ఇవ్వొచ్చు. మామూలుగా రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో కలపరు. అంటే 30 లక్షల ఫ్లాట్‌కు 27 లక్షల లోన్ వచ్చినా, మిగతా 3 లక్షలతో పాటు రిజిస్ట్రేషన్ ఖర్చూ మనమే పెట్టుకోవాలి.

దరఖాస్తుకు ఆధార్, పాన్, జీతం స్లిప్పులు, ఫారం 16 (జీతంలో పన్ను కోతకు కంపెనీ ఇచ్చే పత్రం), బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి. వ్యాపారస్తులైతే ఐటీ రిటర్నులు. సిబిల్ స్కోరు (అప్పులు ఎలా తీర్చామో చెప్పే మార్కు) ముందే చూసుకుని, తప్పులుంటే సరిచేయించుకోండి. బ్యాంకు తన వకీలుతో లీగల్ ఒపీనియన్, ఇంజినీరుతో వాల్యుయేషన్ చేయిస్తుంది. ఆ లీగల్ రిపోర్టు కాపీ అడగండి, అందులో రాసిన అభ్యంతరాలు మీకే ముందు తెలియాలి.

శాంక్షన్ అయ్యాక సంతకానికి తొందరపడకండి. వడ్డీ, ఫీజులు, ఇతర చార్జీలన్నీ ఉండే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌ను మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. దాన్ని నిదానంగా చదవండి. 25 లక్షలు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ (నెలవారీ కిస్తీ) సుమారు 21,700 రూపాయలు. మొదటి నెల అందులో 17,700 దాకా వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది 4,000 మాత్రమే. మొత్తం మీద కట్టేది 52 లక్షల పైమాటే! అందుకే తొలి ఏళ్లలో బోనస్ వచ్చినా, చీటీ డబ్బులొచ్చినా లోన్‌కు కట్టేయడం లాభం. ఫ్లోటింగ్ వడ్డీకి (మార్కెట్‌ను బట్టి మారే వడ్డీ) సొంతింటి కోసం లోన్ తీసుకున్నవారిపై ముందస్తు చెల్లింపు చార్జీ వేయకూడదు. వడ్డీ పెరిగినప్పుడు బ్యాంకులు సాధారణంగా ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగిస్తాయి. అప్పుడు ఈఎంఐ పెంచమని అడిగే హక్కు మీకుంది.

రిజిస్ట్రేషన్ రోజున డబ్బు నేరుగా అమ్మేవారికి వెళ్తుంది, పత్రాలు బ్యాంకుకు చేరతాయి. మీ దగ్గర ఉండాల్సింది, బ్యాంకు ఏయే పత్రాలు తీసుకుందో రాసిన జాబితా. దాన్ని భద్రంగా దాచండి. అప్పు తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వాలి. బ్యాంకు వల్లే ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. మార్ట్‌గేజ్ (తనఖా) రిజిస్టర్ చేసి ఉంటే, దాని రద్దునూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయించి, కొత్త ఈసీ తీసి చూసుకోండి.