ఒక్క పెద్ద గ్రాఫిక్స్ కార్డా, రెండు పాతవా: డబ్బు పెట్టే ముందు చూసుకోవాల్సినవి

ఇంట్లో జీటీఎక్స్ 1080 టీఐ ఉంది. సెకండ్ హ్యాండ్‌లో అలాంటిదే ఇంకొకటి చవకగా దొరుకుతోంది. రెండూ కలిపితే కొత్త కార్డంత వేగం వస్తుందా? గేముల కోసమైతే రాదు. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్‌కో (సీన్‌ను చిత్రంగా మార్చడం), ఇంట్లోనే చాట్‌బాట్ల వెనకుండే ఏఐ భాషా మోడళ్లు నడపడానికో అయితే లెక్క మారుతుంది. అందుకే కార్డు ధర కంటే ముందు, మీ పని రెండు ముక్కలుగా విడిపోతుందా లేదా అన్నది తేల్చుకోవాలి.

గేముల్లో ఎందుకు కుదరదంటే, రెండు కార్డులను జతచేసే ఎన్విడియా పద్ధతి ఎస్ఎల్ఐలో సాధారణంగా ఒక ఫ్రేమును ఒక కార్డు, తర్వాతి ఫ్రేమును రెండో కార్డు గీస్తాయి. ఇప్పటి గేములు అంచులు నునుపు చేయడానికి ముందు ఫ్రేములోని సమాచారాన్ని వాడుకుంటాయి. ఆ ఫ్రేము పక్క కార్డులో ఉంటే అది వచ్చేదాకా ఆగాలి. ఫ్రేముల మధ్య ఎడం సమంగా లేక, మీటర్ సెకనుకు 90 ఫ్రేములు చూపిస్తున్నా కంటికి కుదుపులు తెలుస్తాయి. పైగా ప్రతి గేముకూ డ్రైవర్‌లో (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) విడిగా ప్రొఫైల్, అంటే ఆ గేముకు తగ్గ సెట్టింగులు, ఉండాలి. 2021 జనవరి 1 నుంచి ఎన్విడియా కొత్త ప్రొఫైళ్లు చేయడం మానేసింది. ఆ తర్వాతి గేముల్లో, తయారుచేసినవాళ్లే ఆ సౌకర్యం పెడితే తప్ప రెండో కార్డు ఖాళీగా కూర్చుంటుంది. ఎన్విడియా గేమింగ్ కార్డుల్లో (జీఫోర్స్), రెండింటినీ కలిపే బ్రిడ్జ్ పెట్టే చోటున్న చివరి కార్డులు ఆర్‌టీఎక్స్ 3090, 3090 టీఐ. 40 సిరీస్‌లో అసలు లేదు.

మెమరీ విషయంలో చాలామంది మోసపోతారు. రెండు 1080 టీఐలకు చెరో 11 జీబీ ఉన్నా, ఎస్ఎల్ఐలో గేముకు దొరికేది 11 జీబీయే. ఒకే టెక్స్చర్లు రెండింట్లోనూ ఉండాలి కాబట్టి. రే ట్రేసింగ్ (వెలుగు దారులను లెక్కగట్టి గీయడం) హార్డ్‌వేర్, డీఎల్‌ఎస్‌ఎస్ (చిన్న చిత్రాన్ని ఏఐతో పెంచే సౌకర్యం) 1080 టీఐ తరం కార్డులకు లేవు. డూమ్: ది డార్క్ ఏజెస్ లాంటి గేముకు రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి. పాత కార్డులు ఎన్ని పెట్టినా ఆ లోటు తీరదు.

ఇక కరెంటు. 1080 టీఐ ఒక్కోటి 250 వాట్లు, రెండూ 500. ప్రాసెసర్‌కు 150, మిగతా వాటికి 50 వేసుకుంటే 700 వాట్లు. అంటే 850 వాట్ల మంచి పవర్ సప్లై కావాలి. ఆర్‌టీఎక్స్ 4070 తీసుకునేది 200 వాట్లే, 650 వాట్ల సప్లై చాలు. గేములో తేడా 300 వాట్లు. రోజుకు 4 గంటలు ఆడితే నెలకు 36 యూనిట్లు. వేసవిలో విజయవాడలోనో రామగుండంలోనో చిన్న గదిలో 500 వాట్ల వేడి వదిలితే, దాన్ని బయటికి నెట్టడానికి ఏసీ కూడా అదనంగా పనిచేయాలి. యూపీఎస్‌నూ మరిచిపోకండి. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లే. రెండు కార్డుల లోడు మీద కరెంటు పోతే అది ఆదుకోదు, మొత్తం ఒక్కసారిగా ఆగిపోతుంది.

కొత్త కార్డు కొనే ముందు కూడా ఒక పరీక్ష చేయండి. మీ గేములో రిజల్యూషన్ బాగా తగ్గించి చూడండి. ఫ్రేములు పెరగకపోతే ఇరుకు ప్రాసెసర్ దగ్గరుంది, ఎంత పెద్ద కార్డు వేసినా ఆ గేములో ఫలితం ఉండదు. కార్డు గుచ్చే స్లాట్ పాత పీసీఐఈ 3.0 రకానిదైన మదర్‌బోర్డు ఉన్నవాళ్లు ఇంకోటి చూడాలి. ఆర్‌టీఎక్స్ 4060, 5060 రకాలకు లేన్లు (డేటా వెళ్లే దారులు) 8 మాత్రమే. ఆ బోర్డు మీద వాటికి అందే దారి, 16 లేన్ల కార్డుకు అందేదాంట్లో సగమే. కార్డులోని 8 జీబీ మెమరీ నిండి డేటా కంప్యూటర్ ర్యామ్‌లోకి పొంగినప్పుడు ఆ దెబ్బ గట్టిగా తగులుతుంది. అలాంటి బోర్డుకు 16 లేన్ల కార్డు, కనీసం 12 జీబీతో తీసుకోవడం మేలు.

మార్చేటప్పుడు ముందు డీడీయూ (డ్రైవర్లను తొలగించే ఉచిత ప్రోగ్రామ్)తో పాత డ్రైవర్ పూర్తిగా తీసేయండి. ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి ఉంచితే మిగిలిన కరెంటు దిగిపోతుంది. స్క్రూలు విప్పి, స్లాట్ చివరి గొళ్లెం నొక్కాకే కార్డు లాగాలి. గొళ్లెం నొక్కకుండా లాగితే స్లాట్ విరుగుతుంది. కొత్త కార్డును పై స్లాట్‌లో గొళ్లెం టక్కుమనేదాకా దించండి. 16 పిన్నుల కొత్త కనెక్టర్‌ను సందు కనబడకుండా పూర్తిగా లోపలికి నొక్కాలి, కనెక్టర్ దగ్గరే వైరును మడవకూడదు. సగమే దిగితే పిన్నులు వేడెక్కి కనెక్టర్ కరగొచ్చు. 8 పిన్నుల సాకెట్లు రెండుంటే, ఒకే వైరుకున్న రెండు తలలు కాకుండా, సప్లై నుంచి రెండు వేర్వేరు వైర్లు లాగండి.

రెండు కార్డులు నిజంగా పనికొచ్చే చోటు వేరే ఉంది. బ్లెండర్‌లోని సైకిల్స్ అనే రెండర్ పద్ధతికి ప్రిఫరెన్సెస్, సిస్టమ్‌లోకి వెళ్లి రెండు కార్డులకూ టిక్ పెడితే రెండర్ సమయం సగానికి దగ్గరగా తగ్గుతుంది. బ్రిడ్జ్ అక్కర్లేదు. కాకపోతే సీన్ మొత్తం ప్రతి కార్డు మెమరీలోనూ పట్టాలి. భాషా మోడళ్లలో దీనికి విరుద్ధం. వాటిని నడిపే లామా.సీపీపీ అనే ప్రోగ్రామ్ మోడల్ పొరలను రెండు కార్డులకూ పంచుతుంది, అక్కడ మెమరీ నిజంగానే కలుస్తుంది. 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060లు రెండుంటే 24 జీబీ. 32 బిలియన్ల పారామీటర్ల (మోడల్‌లోని సంఖ్యలు) మోడల్‌ను 4 బిట్లకు కుదిస్తే 20 జీబీ దాకా తీసుకుంటుంది, సరిపోతుంది. కానీ ఒక కార్డు తన పొరలు ముగించాకే రెండోది మొదలుపెడుతుంది కాబట్టి వేగం రెట్టింపు కాదు, పెద్ద మోడల్ పట్టడమే లాభం. ఈ పనికి 1080 టీఐలు కొనకండి. ఇలాంటి లెక్కలకు వాడే ఎన్విడియా సాఫ్ట్‌వేర్ క్యూడా (CUDA)లో 13వ వెర్షన్ నుంచి ఆ తరానికి సపోర్ట్ తీసేశారు.

జత పెట్టేవాళ్లు మదర్‌బోర్డు మాన్యువల్‌లో రెండో పొడవు స్లాట్‌కు ఎన్ని లేన్లున్నాయో చూడాలి. పేరులో బీ అక్షరంతో వచ్చే మధ్యరకం (బీ సిరీస్) బోర్డుల్లో చాలావాటికి అది చూడ్డానికి 16 లేన్ల స్లాటే, లోపల ఉండేవి 4. మోడల్ నడపడానికి అది ఫరవాలేదు, లోడ్ కావడం కాస్త ఆలస్యమవుతుందంతే. కార్డుల మధ్య కనీసం ఒక స్లాటంత ఖాళీ ఉండాలి. లేకపోతే పై కార్డు ఫ్యాన్లు కింది కార్డు వేడినే పీలుస్తాయి. అప్పటికీ పైది మరీ వేడెక్కితే, కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో రెండింటి పవర్ లిమిట్‌నూ 80 శాతానికి దించండి. వేగం పోయేది కొద్దిగానే.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో కొన్నా, పాత కార్డును పనిచేస్తుండగా చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో పేరు, మెమరీ సరిచూడండి. కార్డులోని బయోస్ (లోపలి ప్రోగ్రామ్) మార్చి, పెద్ద కార్డు పేరు చూపించేలా చేసినవి ఉంటాయి. 15 నిమిషాలు ఫర్‌మార్క్ (కార్డును గట్టిగా పరీక్షించే ప్రోగ్రామ్) నడిపి, సగటు వేడికీ హాట్‌స్పాట్‌కూ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) తేడా చూడండి. 20 డిగ్రీలు దాటితే చిప్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని పంపే పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు. తెరమీద చుక్కలు, గళ్లు కనిపిస్తే మెమరీ పోతోందని అర్థం, ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకండి.